జతగా కట్టిన తంతులు

ధ్యానభాగములు: 1 కొరింథీయులకు 12:14–26, 14:7, రోమీయులకు 15:1



వాద్యము తన స్వరములను తేటగా పలుకనియెడల వినువానికి పాట తెలియనేరదని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాసెను. సంఘక్రమమును బోధింపవలసి వచ్చినప్పుడు ఆయనకు వాద్యములు జ్ఞాపకమునకు వచ్చెను. మేమును ఈ నెల అట్టి వాద్యమొకదానిని మీ యెదుట నుంచుచున్నాము. అది పండ్రెండు తంతుల గిటారు.

మన ప్రాంతపు సంఘములకు సంగీతము క్రొత్త కాదు. 1803లో పర్లాకిమిడి ప్రాంతమున జన్మించిన పురుషోత్తమ చౌదరిగారు రాగతాళములతో రచించిన కీర్తనలను మన తాతలు పాడిరి, మనమును పాడుచున్నాము. ఇప్పుడు మన యౌవనులు గిటారు పట్టుకొని వచ్చుచున్నారు. సాధారణముగా దానికి ఆరు తంతులుండును. పండ్రెండు తంతులది అరుదు. అయినను దానికి తంతులు కట్టు క్రమములో సంఘమునకు మంచి పాఠమున్నది. ఓపికతో వినుడి.

ఈ పండ్రెండు తంతులు ఆరు జతలుగా నుండును. వ్రేలితో నొక్కినయెడల జతలోని రెండును కలిసి నొక్కబడును. హెచ్చు స్వరముగల రెండు జతలలో రెండేసి తంతులును సమానము. ఒకే స్వరము, ఒకే స్థాయి. తక్కిన నాలుగు జతలలో లావు తంతి ప్రక్కన సన్నని తంతి యొకటి యుండి, అదే స్వరమును ఒక స్థాయి పైన పలుకును. తంబురా నెరిగినవారికి ఇది తెలిసిన సంగతియే. నాలుగు తంతుల తంబురాలో నడిమి రెండును ఒకే షడ్జమును పలుకగా, చివరి తంతి ఆ షడ్జమునే ఒక స్థాయి దిగువను పలుకును.

పరిశుద్ధ గ్రంథములోను దీని జాడ యున్నది. 6వ, 12వ కీర్తనల శీర్షికలలో ‘ఎనిమిదవది’ అని అర్థమిచ్చు హెబ్రీ మాట యొకటి కలదు. అది స్థాయిని సూచించునని పలువురు పండితులు తలంచిరి. దావీదు మందసమును తెచ్చినప్పుడు కొందరు వాద్యకారులు హెచ్చు స్వరమునకును, మరికొందరు ఈ ‘ఎనిమిదవ’ దానికిని వేరువేరుగా నియమింపబడిరని మొదటి దినవృత్తాంతముల 15వ అధ్యాయములో చదువుచున్నాము. అందరును ఒకే స్థాయిలో పాడవలెనని దేవుడు కోరలేదు. ఒకే స్వరమందు నిలిచియుండుటయే ఐక్యము.

ఇక క్రమమును చూడుడి. వాయించువాడు చేతిని పైనుండి క్రిందికి దింపునప్పుడు, ఆ నాలుగు జతలలో ముందుగా తగులునది సన్నని తంతి; దాని వెంటనే లావు తంతి. ఎక్కువమంది పనివారు కట్టు క్రమమిదే. లావు తంతి బలమైనది, దాని ధ్వని గంభీరమైనది. అదే ముందు మ్రోగిన సన్నదాని మాట వినబడుట కష్టము. గనుక బలహీనమైనదానికి ముందుగా పలుకు తావిచ్చి, బలమైనదానిని దాని వెనుక అండగా నిలిపిరి.

మన కూడికలలో ఈ క్రమమున్నదా? ప్రార్థనాంశములు అడుగునప్పుడు మొదట మాటలాడునది ఎవరు? చదువుకొన్నవారు, భూమిగలవారు, గొంతుగలవారు ముందు మాటలాడిరి; విధవరాలు నోరు తెరచునప్పటికి ముగింపు ప్రార్థన వచ్చెను. బలవంతులు బలహీనుల భారము భరింపవలసినవారని రోమా సంఘమునకు వ్రాసిన అపొస్తలుడు ఇట్టి కూడికను చూచి సంతోషించునా?

మరియొక సంగతి. ఈ గిటారులో అన్నిటికంటె హెచ్చు స్వరము ఎక్కడ నున్నదని తలంచుచున్నారు? అంచుననున్న మొదటి జతలో నుండునని తోచును. అట్లు లేదు. మొదటి జత సెకనుకు 330 కంపనములు చేయును. మూడవ జతలో లావుది 196 చేయగా, దాని ప్రక్కనున్న సన్ననిది 392 చేయును. దాని మందము అంగుళములో వెయ్యవ వంతులు 8 లేక 9 మాత్రమే. నడుమ దాగియుండి, అందరికంటె సన్ననిదై, అందరికంటె హెచ్చు స్వరము నెత్తునది అదే. తరచుగా తెగునదియు అదే. తెగినందుకు దానిని ఎవరును నిందింపరు. ఎరిగిన వాద్యకారుడు దానికి బదులు తంతిని సంచిలో ఉంచుకొనును.

ఉద్దానములో మన నడుమ ఇట్టివారున్నారు. మూత్రపిండముల వ్యాధి మన గ్రామములలో ఎన్ని యిండ్లను తాకినదో మీకు చెప్పనక్కరలేదు. 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చెను. అందుకై దేవునికి స్తోత్రము. కాని వారమునకు రెండు మూడు మారులు డయాలిసిసుకు పోయివచ్చు సహోదరుడు ఆదివారము వెనుక బల్లమీద కూర్చుండి, పాటలో గొంతు కలుపలేక పెదవులు మాత్రమే కదలించుచున్నాడు. అతని ప్రక్కన ఎవరున్నారు? బలహీనములుగా కనబడు అవయవములే మరి అవసరమైనవని వాక్యము చెప్పుచుండగా, అతని పలుకులేని స్తుతియే ఆనాటి ఆరాధనలో హెచ్చు స్వరమై యుండవచ్చును.

పైనున్న రెండు జతలను సమానముగానే ఎందుకు విడిచిరి? వాటికిని పై స్థాయిలో తోడు కట్టవలెనన్న, ఆ పొడవులో అంత బిగువును ఏ సన్నని తంతియు తాళలేదు. సహింపగలిగినంతకు మించి శోధన రానియ్యని దేవుని మనమెరుగుదుము. పనివాడు తంతియెడల చూపు ఈ కనికరమును మనము ఒకరియెడల నొకరము చూపవద్దా? అప్పులలోనున్న కుటుంబమును అందరితో సమానముగా కానుక వేయుమని ఒత్తిడి చేయుట తంతిని తెంపుటయే.

పండ్రెండు తంతులు కలిసి ఆ కర్రమీద నూరు కిలోలకు పైబడిన బిగువు మోపును. అందుచేత అనేకులు శ్రుతిని కొంత దించి కట్టుదురు. అమెరికాలో నల్లజాతి గాయకుడు హడీ లెడ్‌బెటర్ (1888–1949) తన పండ్రెండు తంతుల గిటారును బాగుగా దించి కట్టియే పేరుపొందెను. శ్రుతి దించినందున పాట చెడలేదు. తంతులన్నియు కలిసి దిగినవి గనుక పొందిక నిలిచెను. పెద్దలారా, సంఘములో బిగువు హెచ్చినప్పుడు ఒక్కరినే దిగుమనక, అందరము కలిసి దిగుదము.

అయితే అందరును ఒకే క్రమమున తంతులు కట్టుదురా? కట్టరు. 1960 దశకములో రికెన్‌బేకర్ అను అమెరికా సంస్థవారు తమ గిటారులో ఆ జతల వరుసను త్రిప్పి, లావు తంతి ముందు తగులునట్లు కట్టిరి. దాని ధ్వని వేరుగా నుండెను, లోకమంతటను మెచ్చుకొనిరి. ఒక సంఘములో కీర్తన ముందు, మరియొక సంఘములో యౌవనుల పాట ముందు. ఒకచోట డోలకు, మరియొకచోట గిటారు. ఇందుకై టెక్కలివారు పలాసవారిని తీర్పు తీర్చనక్కరలేదు. కాని ఒకే గిటారులో ఒక జతను ఒక విధముగాను, ప్రక్క జతను మరియొక విధముగాను కట్టినయెడల వాయించువాని చేయి తడబడును. గనుక ఏ సంఘమునకు ఆ సంఘము కూర్చుండి, ప్రార్థించి, ఒక క్రమమును ఏర్పరచుకొనవలెను. ఏర్పరచుకొన్న తరువాత దానిలో నిలువవలెను.

మన తోటలను చూడుడి. ఎత్తైన కొబ్బరియు పొట్టి జీడియు ఒకే నేలలో నున్నవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు రెండును కూలినవి. ఆ దినమున ఎత్తు ఎవరికిని అతిశయము కాలేదు. పొరుగువాడు పొరుగువానికి అన్నము పెట్టుటయే మిగిలెను.

ఈ నెలలో మీలో ప్రతి బలమైన కుటుంబము ఒక బలహీన కుటుంబమునకు జతయగును గాక. ఆసుపత్రికి వెంట పోవుడి. ఆదివారము వారి ప్రక్కన కూర్చుండుడి. సాక్ష్యము చెప్పు వేళ వారినే ముందు పలుకనిచ్చి, వారి వెనుక మీ స్వరమును కలుపుడి.

ప్రార్థన: ప్రభువా, మమ్మును నీ చేతిలో జతలుగా కట్టుము. మాలో సన్నని స్వరము ముందుగా వినబడనిమ్ము. తెగిన తంతులను పారవేయక తిరిగి కట్టు ఓర్పును మాకు నేర్పుము. ఆమేన్.