ఆవాసదానము – అద్దె కాగితము

తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో రాయచెర్లు అను గ్రామము కలదు. కర్ణాటక రాష్ట్రమున నున్నను ఆ సీమలో తెలుగు మాట ఇంటింట వినబడును. వాన తక్కువ, వేరుశనగ పండిన యేడు పండినట్లు, ఎండిన యేడు ఎండినట్లు. అట్టిచోట తిరుమణి, బళసముద్రము, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు అను అయిదు గ్రామముల భూములలో, సుమారు 13,000 ఎకరముల మేర, సూర్యరశ్మినుండి విద్యుత్తు తీయు కేంద్రము వెలసినది. 2018లో దాని మొదటి భాగము ప్రారంభమైనది. 2019 చివరకు అది 2,050 మెగావాట్ల శక్తికి చేరినది.

ఇందు వర్తకులు గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆ భూములను రైతులనుండి కొనలేదు, కౌలుకు తీసికొనిరి. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు, రెండేండ్లకొకసారి నూటికి అయిదు చొప్పున పెంపు, 28 సంవత్సరముల గడువు అని కాగితము వ్రాసిరి. రైతునకు ఇప్పుడు పొలమున నాగలి లేదు గాని పట్టా అతని పేరనే యున్నది. పట్టా లేని కూలివానికి మాత్రము కౌలు లేదు. అతనికి పొలము పనియు పోయినది. కాగితమున్నవాడు తన హక్కు తాను అడుగును. కాగితము లేనివాడు ఇతరుల దయకై ఎదురుచూచును. ఈ చిన్న సత్యమునుండియే ఒక పెద్ద ధర్మవిచారము బయలుదేరుచున్నది.

ఏ కాగితములోను పేరు లేనివారు ప్రతి యూరిలోను మరికొందరు కలరు. పుట్టుకతోనో బాల్యములోనో మనోవికాసము కుంటుపడినవారు, మాట ఆలస్యమైనవారు, డౌన్ సిండ్రోం, ఆటిజం వంటి స్థితులు గలవారు వారు. 2011 జనాభా లెక్కలలో మేధోవైకల్యము గలవారి సంఖ్య దేశమున 15 లక్షలకు పైబడినది. ఈ లెక్కకు రాకుండ ఇంటి వెనుక గదిలో నుండిపోయినవారు వేరు.

వర్తక కుటుంబములలో ఈ కష్టము ఎట్లుండునో తెలియనివారు లేరు. నలుగురు కుమారులలో ఒకడు అట్టివాడు. సంబంధము మాటలాడుటకు పెద్దలు వచ్చినపుడు వానిని మేడమీదికి పంపుదురు. తండ్రి గతించిన పిమ్మట అంగడి, సరకు, ఇండ్లు, బంగారము పంచుకొందురు. పంపకపు కాగితములో మువ్వురి పేర్లుండును. నాలుగవవాడు మాత్రము ఆస్తి పొందువానివలె గాక, పంచుకొనవలసిన భారమువలె, ఒక్కొక్కరి యింట ఆరేసి మాసములు తిరుగును. తల్లి యెవరితోను చెప్పుకొనలేక దేవుని యెదుట అడుగు ప్రశ్న ఒక్కటే: "నేనున్నంతవరకు సరే, నా తరువాత వీనికెవరు?"

ఈ ప్రశ్నకు కొందరు తొందరపడి సమాధానము చెప్పుదురు: "అది వాని పూర్వకర్మము, అనుభవింపక తప్పదు." ఈ మాట వినుటకు శాస్త్రమువలె నుండును గాని శాస్త్రము అంతటితో ఆగలేదు. జ్ఞానము ఆత్మకు స్వభావము. జ్ఞానావరణీయ కర్మము దానిని కప్పును గాని నశింపజేయజాలదు. మేఘము ఎంత దట్టమైనను పగలు రాత్రి కానట్లు, మిక్కిలి సూక్ష్మమైన నిగోద జీవియందు సైతము జ్ఞానాంశము కొంత కప్పబడకయే యుండునని ఆచార్యులు చెప్పిరి. నిగోద జీవియందే జ్ఞానమున్నదని నమ్ము శ్రావకుడు, ఎదుట నిలిచి నవ్వుచున్న మనుష్యునియందు ఏమియు లేదని ఎట్లనగలడు? మరియు ఒకని కర్మము వాని లెక్క. వానియెడ ఇతరులు చూపు కఠినత్వము వారివారి లెక్క. ప్రక్కవాని ఖాతా చూపి తన అప్పు తీరినదను వర్తకుడు బజారులో నిలువడు. ప్రాణులయెడ అనుకంప సాతావేదనీయమునకు కారణమని తత్త్వార్థసూత్రము బోధించుచున్నది. ఆ అనుకంపనుండి తప్పించుకొనుటకు కర్మసిద్ధాంతమును అడ్డుపెట్టుట శాస్త్రమునకే అపచారము.

అహింసాణువ్రతమునకు అతిచారములు అయిదు: కట్టివేయుట, కొట్టుట, అవయవచ్ఛేదము, అతిభారము మోపుట, అన్నపానములు నిరోధించుట. వీనిని పశువుల విషయమున మాత్రమే చదువుకొను అలవాటు కలదు. చుట్టములు వచ్చిన దినమున బయట గొళ్లెము పెట్టబడిన గది మాట యేమి? కట్టివేయుటకు త్రాడే కావలెనని యెవరు చెప్పిరి? చీమకు హాని కలుగునని దీపము పెట్టకముందే భోజనము ముగించు ఇంటిలో ఆ గొళ్లెము ఉండరాదు.

అయితే ఆ తల్లి ప్రశ్నకు ధర్మసమ్మతమైన సమాధాన మేది? సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమున వైయావృత్త్యమును నాలుగు దానములుగా చెప్పిరి: ఆహారము, ఔషధము, ఉపకరణము, ఆవాసము. అది ముఖ్యముగా వ్రతధారులైన సత్పాత్రుల గూర్చినది. దుఃఖితులందరికి కరుణాదానము చేయుటయు శ్రావకునకు విధియే. ఆహారదానమునకు అన్నసత్రములు, ఔషధమునకు వైద్యశాలలు, ఉపకరణమునకు పుస్తకములు వెలసినవి. నాలుగవదైన ఆవాసము మాత్రము ధర్మశాలతో తీరినదని సమాజము తలంచినది.

ధర్మశాల యాత్రికునకు. కొలది దినములుండి వెడలిపోవలెను, అచటివాడు అతిథి. పింజ్రాపోలు ముసలి పశువునకు. అచట ప్రాణము నిలుచును, అది గొప్ప ధర్మమే. కాని మనుష్యునకు ప్రాణము నిలిచిన చాలదు. తన తలుపు తాను మూసికొనవలెను, తన మంచము, తన పళ్లెము, తన వాకిలి అని చెప్పుకొనవలెను. అద్దెకున్నవాడు అతిథి కాడు, బిచ్చగాడు కాడు. నెల మొదటిలో పది రూపాయలే కానిండు, అద్దె చెల్లించి రసీదు పుచ్చుకొన్నవాడు ఇంటివాడు. పేదవాని అద్దెతో దాత ధనవంతుడు కావలసిన పని లేదు. ఆ రసీదువలన పుచ్చుకొన్నవాడు మనిషిగా నిలుచును. లాభాపేక్ష లేని అద్దె యింటి ధర్మసూక్ష్మ మిదియే.

ఇతర దేశములు ఈ సంగతి బాధపడి నేర్చుకొన్నవి. అమెరికాలోని న్యూయార్కు నగరమున విల్లోబ్రూక్ అను పెద్ద సంస్థను నాలుగు వేలమందికి కట్టి, ఆరు వేలమందిని కుక్కిరి. 1972లో టెలివిజన్ వారు లోపలి దుస్థితిని చూపగా దేశము సిగ్గుపడినది. 1987లో దానిని మూసివేసిరి. 1990 నాటి చట్టముతో అచట మరియొక మార్గ మేర్పడినది. లాభాపేక్ష లేని సంస్థ ఇల్లు కట్టుటకు ప్రభుత్వము పెట్టుబడి ఇచ్చును. ఆ యింటిని 40 సంవత్సరములు పేదలైన వికలాంగుల కొరకే నిలిపినచో ఆ సొమ్ము తిరిగి చెల్లింపనక్కరలేదు. ఇంటిలో నుండువాడు తన ఆదాయములో నూటికి 30 మాత్రమే అద్దెగా ఇచ్చును. అచట అనుభవజ్ఞులు నేర్చిన సూత్ర మింకొకటి: ఇల్లు ఒకరిది, సేవ యింకొకరిది కావలెను. అప్పుడు సేవకునితో మాట పట్టింపు వచ్చినను అద్దెదారు వీథిలో పడడు. రెండు ఖాతాలను వేరుగా వ్రాయుట యెరిగిన వర్తకునకు ఈ సూత్రము కొత్త కాదు.

భారతదేశమున చట్టము లేకపోలేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము తల్లిదండ్రులు గతించిన పిమ్మట ఇట్టివారి సంరక్షణను తన ఉద్దేశములలో ఒకటిగా చెప్పినది. పదునెనిమిదేండ్లు దాటినవారికి సంరక్షకుని నియమించుటకు జిల్లా స్థాయి సంఘము నేర్పరచినది. పెద్దవారు కలిసి నివసించుటకు ఘరౌందా అను పథకము ఆ ట్రస్టుదే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, వారికి సమాజము మధ్య నివసించు హక్కు కలదనియు, ఫలానా చోటనే ఉండవలెనని నిర్బంధింపరాదనియు పలికినది. సికింద్రాబాదులో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ శిక్షణ నిచ్చుచున్నది. కావున దారి కలదు. కొరవడినది ఇండ్లు, ఇంటిని అద్దెకిచ్చు మనసు. వీరికి ఇల్లు అద్దెకు అడిగినపుడు "ఇరుగుపొరుగు ఏమందురో" అని తాళము చేతిలో పెట్టుకొని తటపటాయించు యజమానులలో జైనులు లేరని చెప్పుటకు వీలులేదు.

ఇంటిని నిలుపు విధము తెలియదనువారు రాయచెర్లు సీమవైపే మరల చూడవలెను. పావగడ తాలూకాలోని నిడుగల్లు ఒకనాడు రాజధాని. జినాలయములు వెలసిన కొండ అది. ఆ రాజ్యములోనిదే నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని అమరాపురము. అచటి 1278 నాటి శాసనము మల్లిసెట్టి అను వర్తకుని దానమును చెప్పుచున్నది. తైలంగెరె బ్రహ్మజినాలయమునకు అతడు సమర్పించినది రెండు వేల పోకచెట్లు. రొక్కము ఒకనాడు ఖర్చగును; చెట్టు ఏటేట కాచును. ఆ ఫలసాయముతో ఆలయమును పునాదినుండి శిఖరమువరకు రాతితో నిర్మింపవలెనని ఏర్పాటు. ఇల్లు కట్టించి ఫలకముపై పేరు చెక్కించినంత మాత్రమున దానము పూర్తి కాదనియు, ఇంటి వెనుక ఏటేట కాచు చెట్టొకటి నాటవలెననియు ఏడు వందల యేండ్ల క్రిందటి ఆ సెట్టి యెరుగును.

ఈనాటి సంఘమునకు ఆ పోకచెట్టు ఒక అంగడి అద్దె కావచ్చును, ఒక గిడ్డంగి అద్దె కావచ్చును, కౌలుకిచ్చిన భూమిపై వచ్చు ఆదాయములో ఒక భాగము కావచ్చును. నలుగురైదుగురు కలిసి నివసించు చిన్న యిల్లు చాలును. అది ఊరి నడుమ, బజారుకు, ఆలయమునకు నడిచిపోగల దూరములో నుండవలెను. అది ట్రస్టు పేర నుండవలెను గాని ఒక కుటుంబము పేర కాదు. అద్దె కాగితము నివసించువాని పేర, అవసరమైనచోట సంరక్షకుని సంతకముతో నుండవలెను. మరమ్మతుల నిధి వేరుగా నుంచి, లెక్కలు ఏటేట సంఘమునకు చదివి వినిపింపవలెను. తమ యింటి బిడ్డ కొరకే గాక, కూలివాని బిడ్డ కొరకును అందులో ఒక గది యుండవలెను. పట్టా లేనివానిని మరచిన ధర్మము సగము ధర్మమే.

సంవత్సరమునకొకసారి శ్రావకుడు సర్వజీవులను క్షమాపణ వేడును. భూమి, నీరు, అగ్ని, వాయువులందలి జీవులను సైతము తలచుకొనును. పొరుగూరి చుట్టములకు జాబులు వ్రాయును. ఆ దినమున మేడమీది గది తలుపు తట్టి, లోపలివాని చేతులు పట్టుకొని, "నాయనా, నీయెడ తెలిసి చేసినవి, తెలియక చేసినవి క్షమింపుము" అని అడిగినవారెందరు? వాడు మాటలో బదులు చెప్పలేకపోవచ్చును. ఆ క్షమాపణ మాటతో ముగియునది కాదు. తండ్రి పంపకపు కాగితములో నాలుగవ పేరు వ్రాయించిననాడు, సంఘము అద్దె కాగితము మీద ఆ పేరే వ్రాసి తాళపుచెవి ఆ చేతిలో పెట్టిననాడు, తల్లి ప్రశ్నకు సమాధానము దొరకును. ఆవాసదాన మనగా అదియే.