వరస కలపడం

తెలుగులో వరస అనే మాటకు రెండు అర్థాలున్నాయి. అన్న వరస, బావ వరస అంటాం. అది చుట్టరికం. పాట వరస అంటాం. అది పాట నడిచే తీరు. ఈ రెండూ ఒకే మాట ఎందుకయ్యాయో పండితులు ఏం చెబుతారో గాని, మా వాడుకలో రెండూ ఒకే రకం పని చేస్తాయి. రెండూ ఒక్కరి వల్ల అయ్యేవి కావు. నేను అన్నని అని ఒక్కడే కూర్చుని అనుకుంటే అన్న కాడు. అవతలివాడు "అన్నా" అని పిలవాలి. పాటా అంతే. ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకోవాలి.

బుట్టాయిగూడెం, పోలవరం, కుక్కునూరు, వేలేరుపాడు వైపు కోయ ఊళ్ళలో కొత్త మనిషి వస్తే మంచం వాల్చి, నీళ్ళిచ్చి, అప్పుడు అడిగేది ఇంటిపేరు. ఇంటిపేరు తెలిస్తే గట్టు తెలుస్తుంది. మూడో గట్టా, నాలుగో గట్టా, ఐదో గట్టా అన్నది తేలితే వరస తేలినట్టే. ఒకే గట్టయితే అన్నదమ్ములు, వేరే గట్టయితే బావమరదులు. అంతవరకు ముఖం తెలియని మనిషి కాసేపట్లో బావ అయిపోతాడు, వేళాకోళం మొదలవుతుంది. మా తాతలు కొండలు దాటి దూరం తిరగలేదని కాదు. తిరిగారు. కాని వాళ్ళు పరాయివాళ్ళ మధ్యకు వెళ్ళింది తక్కువ. ఎక్కడికి వెళ్ళినా వరస ముందే వెళ్ళి కూర్చునేది.

రేల పాట పాడేటప్పుడు చూడండి. ఆడవాళ్ళు చేతులు పెనవేసుకుని వరసగా నిలబడతారు. ఒకామె మొదలుపెడుతుంది. ఆమె గొంతు బాగుందా లేదా అని ఎవరూ చూడరు, పక్కవాళ్ళు అందుకున్నారా లేదా అన్నదే లెక్క. అందుకునేవాళ్ళు లేకపోతే అది పాటే కాదు. పోలవరం ప్రాజెక్టు కింద ఊళ్ళు ఖాళీ చేసి జంగారెడ్డిగూడెం, బుట్టాయిగూడెం, జీలుగుమిల్లి వైపు కాలనీలకు వచ్చినవాళ్ళను అడిగితే ఈ సంగతి ఇంకా బాగా చెబుతారు. ఎత్తుకునేవాళ్ళు ఒక కాలనీలో, అందుకునేవాళ్ళు ఇంకో కాలనీలో పడ్డారు. ఇంటికి పరిహారం ఎంతో కాగితం మీద రాయొచ్చు. దీనికి ఏ పట్టికలోనూ గడి లేదు.

ఇప్పుడు భీమడోలుకు వద్దాం. మన పిల్లలు చాలామంది ఈ దారినే చదువుకు, పనికి దిగుతారు. జంగారెడ్డిగూడెం, కామవరపుకోట, ద్వారకా తిరుమల మీదుగా బస్సులో వచ్చి భీమడోలులో రైలెక్కితే ఒక వైపు ఏలూరు, రెండో వైపు తాడేపల్లిగూడెం. కొండ పొలం అయిపోయి కాలువల పొలం మొదలయ్యే చోటు ఇది. దక్షిణంగా కొంచెం దూరం పోతే అగడాలలంక, ఆ తర్వాత కొల్లేరు. స్టేషన్లో చిన్నతిరుపతి మొక్కు తీర్చుకుని వచ్చే గుళ్ళు కొట్టించుకున్న తలలు, చేపల వాసన, కాలేజీ సంచులు. ఇక్కడ ఎవరూ ఎవరి ఇంటిపేరూ అడగరు.

తాడేపల్లిగూడెంలో చదువుకునే మన పిల్ల ఒకతె మాతో ఒక మాట అంది. వారంలో తనది అని చెప్పుకోగలిగింది భీమడోలు నుంచి తాడేపల్లిగూడెం దాకా రైల్లో గడిచే సమయమేనట. హాస్టల్లో గది నిండా మనుషులు. ఇంటికి వెళితే తమ్ముళ్ళు, మేనత్తలు, పొయ్యి దగ్గర పని. పూళ్ళ, చేబ్రోలు దాటుతుంటే కిటికీ పక్కన కూర్చుని, చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరికీ ఏమీ కాకుండా ఉండడం ఆమెకు ఇష్టం. ఆ మాట అలాగే అంది, "ఎవరికీ ఏమీ కాకుండా" అని. మా పెద్దవాళ్ళు వింటే బాధపడతారు. పిల్ల చెడిపోయింది, వరస మరిచిపోయింది అంటారు.

మేము అలా అనడం లేదు. వరస అన్నది నీళ్ళిచ్చి మంచం వాల్చే చేయి మాత్రమే కాదు, పట్టుకుని వదలని చేయి కూడా. ఒకే గట్టులో మనసు కలిసిన జంటను ఊరు ఏం చేస్తుందో, పెద్దలు ఎంత దండుగ వేస్తారో మనకు తెలియనిది కాదు. ఆడపిల్ల ఒక్కతే బస్సెక్కితే నాలుగు ఊళ్ళ చుట్టాలు లెక్క చూసుకుంటారు. మన సంస్కృతి గొప్పదని రాసేటప్పుడు ఈ భాగం వదిలేయడం మన రచయితలకు అలవాటైపోయింది. ఆ పిల్ల కోరుకున్న ముప్పావుగంట ఎవరికీ అన్యాయం చేయదు. అది ఆమెకు ఉండాలి.

చెవిలో పెట్టుకున్న ఆ పాట సంగతి వేరే. జపాన్‌లో సోనీ కంపెనీ 1979లో వాక్‌మన్ అనే చిన్న క్యాసెట్ ప్లేయరు అమ్మకానికి పెట్టింది. నడుస్తూ, ప్రయాణం చేస్తూ పాట వినడానికి చేసిన యంత్రం. మొదటి మోడల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రాలు రెండున్నాయి. ఇద్దరు వింటూ మధ్యలో మాట్లాడుకోవడానికి ఒక మీట కూడా పెట్టారు. పక్కన మనిషి ఉండగా ఒక్కరే పాట వినడం మర్యాద కాదని ఆ కంపెనీ పెద్ద అకియో మోరిటా అనుకున్నాడట. కొన్నవాళ్ళు మాత్రం ఎవరిది వాళ్ళు కొనుక్కుని ఎవరి పాట వాళ్ళు విన్నారు. తర్వాత తర్వాత వచ్చిన మోడళ్ళలో రెండో రంధ్రం పోయింది. మన రేల పాటను మన పిల్ల ఈనాడు ఫోనులో వింటోంది. వినడం మంచిదే. అయితే ఫోనులో పాడే ఆమె ఎత్తుకుంటుంది, ఎత్తుకుంటూనే ఉంటుంది. ఈ పిల్ల అందుకోలేదు. అందుకుంటే పెట్టెలో జనం వింతగా చూస్తారు.

ఒంటరి ప్రయాణం గురించి ఈమధ్య చాలామంది గొప్పగా రాస్తున్నారు. ప్రయాణం పేరెత్తితే ముందు పక్షిని పోలిక తెస్తారు. వాళ్ళు కైకలూరు దగ్గర ఆటపాక దాకా వెళ్ళి చూస్తే మంచిది. గూడకొంగలు ఒకే చోట కిక్కిరిసి గూళ్ళు కట్టుకుని, ఒకదాన్ని ఒకటి పొడుచుకుంటూ ఉంటాయి. తెలుగులో తొలి యాత్రా గ్రంథం అని చెప్పుకునే కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి బయలుదేరి 1831లో తిరిగి వచ్చాడు. దాదాపు నూరు మందితో వెళ్ళాడు. పల్లకీ మోసిన బోయీలు కూడా కాశీ వెళ్ళినవాళ్ళే. యాత్ర మాత్రం ఆయన పేరు మీద ఉంది. మనం ఒక్కళ్ళమే వెళ్ళాం అని చెప్పుకునే ప్రయాణాల్లో కూడా ఎవరో ఒకరు మోస్తూనే ఉంటారు.

నిజంగా ఒక్కతే తిరిగిన మనిషి కావాలంటే మా ఎరుకల అవ్వ ఉంది. గంప చంకన పెట్టుకుని ఊరూరా తిరిగి, గడప ముందు కూర్చుని, చేయి పట్టుకుని సోది చెప్పేది. సోది పాటే. అమ్మా అనో తల్లీ అనో పిలిచి, వరస కలిపి మొదలుపెట్టేది. ఏలూరు, కొల్లేరు పల్లపు ఊళ్ళలో ఆ గొంతు వినని ముసలివాళ్ళు తక్కువ. అలా తిరిగే జనాన్ని తెల్లదొరల ప్రభుత్వం ఏమంది? 1871లో నేరస్థ తెగల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. ఎరుకల వాళ్ళను ఆ జాబితాలో చేర్చారు. ఊరు దాటాలంటే చీటీ ఉండాలి, పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి. కొంతమందిని స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం పోయింది. సంచి భుజాన వేసుకుని ఎటైనా పోవడం ఒకరికి ఆత్మాన్వేషణ, ఒకరికి నేరం. ఈ తేడా మన పిల్లలకు పాఠంలో చెప్పాలి. ఆ పిల్ల కిటికీ పక్క సీటు ఊరికే వచ్చింది కాదని వాళ్ళకు తెలియాలి.

చట్టం పోయినా చూపు పోలేదు. భీమడోలులో ఎవరూ ఇంటిపేరు అడగరని పైన రాశాం. అది స్టేషన్ వరకే. అద్దె గదికి వెళితే అడుగుతారు. పనిలో చేరితే రెండో రోజు అడుగుతారు. "మీరేమిట్లు?" అంటారు గోదావరి యాసలో, ఎంతో మర్యాదగా. కొండమీద ఇంటిపేరు అడిగేదీ, పల్లంలో ఇది అడిగేదీ పైకి ఒకే ప్రశ్నలా ఉంటాయి. అక్కడ అడిగేది వరస కలపడానికి. ఇక్కడ అడిగేది ఏ గ్లాసు ఇవ్వాలో తేల్చుకోవడానికి. అందుకే ఎవరికీ ఏమీ కాకుండా ఉండడం మన పిల్లకు అంత హాయిగా ఉంది. ఆమె చుట్టాల నుంచి పారిపోవడం లేదు. ఈ రెండో ప్రశ్న నుంచి కాసేపు సెలవు తీసుకుంటోంది.

అసలు చిక్కు ఆ సెలవు మధ్యలో ఫోను మోగినప్పుడు వస్తుంది. కొండమీద నుంచి అమ్మ. అమ్మకు తెలుగు వచ్చు, కాని మనసు విప్పేది కోయలోనే. పెట్టెలో పదిమంది ఉన్నారు. కోయలో మాట్లాడితే పదిమందీ తలెత్తుతారు. తెలుగులో మాట్లాడితే అవతల అమ్మ ఒక్క క్షణం ఆగుతుంది. చాలామంది పిల్లలు మూడో దారి పట్టారు. "రైల్లో ఉన్నా, తర్వాత చేస్తా" అని పెట్టేస్తారు. ఇది అబద్ధమా? కాదు, రైల్లోనే ఉన్నారు. ఇది తల్లిని కాదనడమా?

మేము దీన్ని చాలాసార్లు మాట్లాడుకున్నాం, ఒక్క మాట మీదకు రాలేదు. మాలో కొందరు, భాష దాచుకున్నవాడు తల్లిని దాచుకున్నట్టే అంటారు. వినడానికి బాగుంటుంది, సభలో చప్పట్లు పడతాయి. కాని పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఒక్కతే, పది జతల కళ్ళ ముందు ధైర్యం చూపించాలని చెప్పడానికి మనకేం హక్కుంది? సిగ్గు ఆమెది కాదు, ఆ పెట్టెది. నోరు మూసుకున్నవాళ్ళను తప్పు పట్టి, నోరు మూయించినవాళ్ళను వదిలేయడం పాత అన్యాయానికి కొత్త వడ్డీ. ఇంతవరకు మాకు అనుమానం లేదు.

అయితే దీని ఇంకో వైపు కూడా మమ్మల్ని వదలడం లేదు. కోయకు, ఎరుకల కుర్రుకు మనందరం చదివే సొంత లిపి లేదు. బీరువాలో దాచిపెట్టుకునే భాషలు కావవి. గొంతులో ఉంటేనే ఉన్నట్టు. డోలి కోయల కళ చూడండి. కొలుపులకు, చావులకు ఊరూరా వెళ్ళి, పడిగె విప్పి, డోలు మీద ఒక్కో వంశం కథ పాడతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు కోయలోనూ తెలుగులోనూ సమ్మక్క సారలమ్మ కథ పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన పోయారు. ఆయన గొంతులో ఉన్న వంశాలన్నీ ఏ పుస్తకంలోకీ పూర్తిగా దిగలేదు. పేరు కోసం పాడినవాడు కాదాయన. ఆయన ఒక్కరే నడిచి వెళ్ళినా ఆయన వెంట ఊళ్ళకు ఊళ్ళు నడిచేవి, వెళ్ళిన చోట అందుకునేవాళ్ళు ఉండేవారు. మన పిల్లల చెవిలో పాట ఉంది, ఫోనులో అమ్మ ఉంది. కాని పెట్టెలో అందుకునేవాళ్ళు లేరు. ఎవరో ఒకరు ముందు గొంతెత్తితే తప్ప వాళ్ళు తయారవరు.

ఆ ముందు ఎవరు? ఏటా ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం నాడు కొమ్ములు, నెమలీకలు పెట్టి పిల్లలను వేదిక ఎక్కిస్తాం. ఐదు నిమిషాలు ఆడతారు, అధికారులు ఫోటోలు దిగుతారు. ఆ పిల్లలే మర్నాడు రైల్లో అమ్మ ఫోను కట్టేస్తారు. వేదిక మీద కనబడే భాషకు, బస్సులో వినబడే భాషకు మధ్య ఇంత దూరం ఉన్నప్పుడు ఎన్ని కొమ్ములు కట్టినా ఏం లాభం? ఉమ్మడి రాష్ట్రంలో కోయ, సవర, కువి వంటి భాషల్లో తెలుగు లిపితో చిన్న తరగతులకు వాచకాలు వేశారు. మంచి పనే. వాచకం ఒకటో తరగతి పిల్లాడి చేతిలో పెట్టి, అదే స్కూలు స్టాఫ్ రూములో మన టీచర్లే ఇంటి నుంచి ఫోను వస్తే వరండా చివరికి నడిచి వెళ్ళి మాట్లాడితే పిల్లలు ఏ పాఠం నేర్చుకుంటారు?

ఉద్యోగం ఉంది, జీతం ఉంది, "సార్" అని పిలిపించుకునే వయసుంది. పంతొమ్మిదేళ్ళ పిల్లకు లేనివి ఇవన్నీ. ధైర్యం అడగాల్సింది వీళ్ళను. పెద్ద పనేమీ కాదు. ఆదివారం సాయంత్రం సెలవుల నుంచి తిరిగి వెళ్ళే పిల్లలతో భీమడోలు ప్లాట్‌ఫారం నిండి ఉంటుంది. మన టీచర్లు కూడా ఆ రైలుకే వస్తారు. అక్కడ నిలబడి ఒకాయన ఇంటికి ఫోను చేసి, మామూలు గొంతుతో, కోయలో, రైలు ఇంకా రాలేదని, కోడి పిల్లల్ని కప్పెట్టమని చెప్పొచ్చు. ఎవరో కొందరు వింతగా చూస్తారు, చూడనివ్వండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లల్లో ఒకరిద్దరు వాటిని తీసి ఇటు తిరుగుతారు. అప్పుడు దగ్గరికి పోయి ఇంటిపేరు అడగొచ్చు, ఏ గట్టో అడగొచ్చు.