విశ్వాసం, సత్యసంధత

హిందీలో నీతిపరుణ్ణి ‘ఈమాన్‌దార్’ అంటారు. తూకంలో మోసం చేయని వర్తకుడు ఈమాన్‌దార్. దారిలో దొరికిన సంచిని వెదకి తెచ్చి యిచ్చిన కూలివాడు ఈమాన్‌దార్. ఆ మాటకు మూలమైన ‘ఈమాన్’ అరబ్బీ పదం. దాని అర్థం దైవమందలి నమ్మకం. నమ్మకం గలవాడు అబద్ధమాడడన్న భావంతో కాబోలు, ఆ రెండు గుణాలనూ లోకం ఒకే మాటలో ముడివేసినది. తెలుగులోనూ ఇంచుమించు ఇట్లే జరిగినది. ఇల్లు కాచే కుక్కకు విశ్వాసం కలదంటాము. క్రైస్తవులు తమ సంఘంలోని వానిని విశ్వాసి అంటారు. నమ్మినవానిని ముంచినవాడు విశ్వాసఘాతకుడు. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలో ‘పిస్టిస్’ అనే పదం కూడ నమ్మికకూ, నమ్మకంగా ఉండుటకూ ఒక్కటే. అనువాదకునికి ఇది పెద్ద చిక్కు. ఒక వాక్యంలో ఏ అర్థం గ్రహించవలెనో తేల్చుకొనుటకు ఒక్కొక్కప్పుడు దినమంతా పట్టును.

భాష కలిపిన ఈ రెండింటినీ జీవితం విడదీయుచుండును. మనుష్యుడు ఇరువది యైదేండ్ల వయస్సులో ఒక ప్రమాణం చేయును. దానిని డెబ్బది యేండ్ల వరకు నిలుపుకొనవలెను. ఈ నడుమ అతని బుద్ధి పెరుగును, లోకానుభవం కలుగును, ప్రియమైనవారు మరణింతురు. తొలినాడు పలికిన మాటలే పలుకుచుండుట విశ్వాసమా? ఆ మాటలలో కొన్ని తన మనస్సునకు ఎక్కుట లేదని ఒప్పుకొనుట విశ్వాసమా? బాప్తిస్మంతో ఆరంభమైన క్రైస్తవ జీవితంలో ఈ ప్రశ్న ఎంత లోతైనదో, దానిని గూర్చి బాహాటంగా మాటలాడుట అంత అరుదు.

విశ్వాసభంగ మనగానే పేతురు కథ జ్ఞప్తికి వచ్చును. ప్రధానయాజకుని లోగిలిలో, చలిమంట ప్రక్కన, ఒక దాసి ప్రశ్నించగా గురువును ఎరుగనన్నాడు. అది భయం వలన కలిగిన తప్పు. కోడి కూయగానే అతనికి తన తప్పు తెలిసినది, వెలుపలికి పోయి ఏడ్చినాడు. అంతకంటె కష్టమైన సందర్భం మరొకటి కలదు. ఎవ్వరి యెదుటను బొంకక, ప్రతి ఆదివారం అందరితో కలసి విశ్వాసప్రమాణం వల్లించుచు, లోలోపల అందు సగం నమ్మనివాడు కలడు. వానికొరకు ఏ కోడియు కూయదు. వాని తప్పు వానికి తప్ప మరెవ్వరికీ తెలియదు. కొంతకాలమునకు వానికిని తెలియకుండ పోవును.

ఈ ప్రశ్నను పుస్తకాలలో గాక జీవితంలో ఎదుర్కొన్నవారిలో, నా యెరుకలో, పండిత రమాబాయి అగ్రగణ్య. ఆమె 1858లో పడమటి కనుమల అడవిలో, గంగామూలమనే చోట జన్మించినది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే, స్త్రీకి సంస్కృతం నేర్పరాదన్న పండితుల మాటను లెక్కచేయక భార్యకు నేర్పినవాడు. ఆ తల్లి కూతురికి నేర్పినది. కుటుంబమంతా తీర్థయాత్రలు చేయుచు, పురాణం చెప్పుచు, వచ్చిన సంభావనతో జీవించినది. కరవు వచ్చినపుడు సంభావన లిచ్చువారు లేకపోయిరి. చేతనున్న దంతయు దానధర్మాలకు వెచ్చించి, కూలిపని చేయుటకు అభిమానం అడ్డురాగా, వారు తిరుపతి కొండల అడవిలో చేరి పదునొకండు దినాలు ఆకులూ నీళ్ళూ, దొరికిన ఈతపండ్లూ తిని గడపినారు. చూపు పోయిన ఆ వృద్ధుడు ప్రాణం విడుచుటకు ముందు చిన్నకూతురిని దగ్గరకు తీసికొని, నిన్ను దేవుని చేతిలో పెట్టినాను, నీవు ఆయనకే చెందినదానవు, జీవితమంతా ఆయననే సేవింపుమని చెప్పినాడని ఆమె 1907లో వ్రాసిన ఆత్మకథనంలో కలదు. 1874లో తలిదండ్రు లిద్దరును పోయినారు.

ఆ తండ్రి చెప్పిన దేవుడు ఎవరు? ఆయన మనస్సులో నున్నది విష్ణువనుటకు సందేహం లేదు. తొమ్మిదేండ్ల తరువాత, 1883 సెప్టెంబరు 29వ తేదీన, ఇంగ్లండులోని వాంటేజి అను ఊరిలో ఆ కూతురు క్రైస్తవ బాప్తిస్మం పొందినది. అన్నతో కలసి దేశమంతా కాలినడకన తిరిగి కలకత్తా చేరి, అక్కడి పండితులచే ‘సరస్వతి’ బిరుదు పొంది, వేరు కులస్థుడైన బంగాళీ న్యాయవాదిని వివాహమాడి, ఏడాదిన్నరకే అతనిని పోగొట్టుకొని, ఒడిలో ఆడుబిడ్డతో మిగిలిన యువతి యామె. మహారాష్ట్ర దేశంలో ఆ వార్త విని, ఆమె తండ్రికి ద్రోహం చేసినదన్నవారు అనేకులు. తండ్రి మాట నిలుపుటకే అటు పోయినానని ఆమె నమ్మకం. ఈ రెండు మాటలలో ఒకటి అసత్యమని నేను చెప్పలేను. ఇచ్చినవాడు ఒక అర్థంతో ఇచ్చిన మాటను పుచ్చుకొన్నవారు మరొక అర్థంతో నిలుపుకొనుట లోకంలో తరచుగా జరుగును. దానిని మోసమనరాదు. దాని వలన కలిగిన దుఃఖం లేదనియు అనరాదు.

ఇంతవరకు ఎల్లరకును తెలిసిన కథయే. నన్ను ఆకర్షించునది దాని తరువాతి రెండేండ్లు. వాంటేజిలో ఆమెకు ఆశ్రయమిచ్చిన సన్న్యాసినుల మఠంలో జెరాల్డీన్ అను సోదరి ఆమెకు జ్ఞానమాత. రమాబాయి ఆమెను ప్రేమతో ‘ఆజీబాయి’ అని, అనగా అవ్వా అని, పిలిచెడిది. ఆ యిద్దరి నడుమ నడచిన ఉత్తరాలు 1977లో మహారాష్ట్ర ప్రభుత్వ సాహిత్య సంస్కృతి మండలి వారు పుస్తకంగా వెలువరించిరి. గురుశిష్యుల ఉత్తరాలు ఇంత సూటిగా నుండుట నేను మరెక్కడను చూడలేదు. త్రిత్వ సిద్ధాంతం తనకు బోధపడలేదని శిష్యురాలు వ్రాయును. అథనాసియస్ పేర నున్న విశ్వాసప్రమాణంలో, ఇట్లు నమ్మనివారు నశింతురన్న మాటను తాను నోటితో పలుకలేనని వ్రాయును. తాను క్రీస్తునందలి విశ్వాసంలోనికి బాప్తిస్మం పొందినదే కాని ఇంగ్లండు సంఘంలోని ప్రతి ఆచారానికీ కట్టుబడలేదని వాదించును. మెడలో వేసికొనుటకు సిలువ యిచ్చిన, దానిపై లాటిను అక్షరాలెందుకు, సంస్కృతం కూడదా యని అడుగును. మాంసమే కాదు, గ్రుడ్డును కూడ ముట్టదు.

జెరాల్డీన్ దీనిని అహంకార మన్నది. నేర్చుకొనవలసినవారు లోబడవలెను గాని తర్కింపరాదన్నది. దీనికి రమాబాయి ఇచ్చిన సమాధానపు సారమిది: స్వదేశంలో పురోహితుల కాడిని మెడనుండి ఎంతో కష్టపడి దించుకొన్నాను; అటువంటి కాడినే, దేవుని పేర పిలువబడినంత మాత్రాన, మరల ఎత్తుకొనజాలను; నాకును అంతరాత్మ కలదు. చెల్టెన్‌హామ్‌లో మగపిల్లలకు కూడ పాఠం చెప్పుదునని ఆమె అనగా లాహోరు, బొంబాయి బిషప్పులు అభ్యంతరం చెప్పినారు. అపుడును ఆమె కలం మెత్తబడలేదు. చెల్టెన్‌హామ్ కళాశాల ప్రధానోపాధ్యాయిని డొరోతియా బీల్ మాత్రం ఓర్పుతో ఆమె ప్రశ్నలను విన్నది. సందేహాల చీకటిలో తానును నడచిన మనిషి కనుక, వాటికి జంకలేదు.

జెరాల్డీన్‌ను దోషిగా నిలుపుట సులభం, కాని న్యాయం కాదు. ఆమె తన యెరుకమేరకు బిడ్డను కాపాడుకొన్నది. విశ్వాసమనునది వివాహం వంటిది, ప్రతి ఉదయం లేచి మరల నిర్ణయించుకొనునది కాదు, అన్నదే ఆమె భావం. అందులో సత్యం కలదు. ప్రతి సందేహానికీ ప్రమాణాన్ని సడలించువాడు దేనికిని చెందడు. అయితే, సందేహమున్నపుడు లేదని వ్రాయుమని కోరుట ఆ కాపాడుటలో భాగం కాజాలదు. రమాబాయి ఆ మఠాన్ని విడువవచ్చును, క్రీస్తును విడువవచ్చును, లేదా మౌనంగా తల వంచవచ్చును. ఆమె ఈ మూడును చేయలేదు. ప్రార్థించుచునే ప్రశ్నించినది. ఆమె తిన్న అన్నం, బిడ్డ చదువు ఆ మఠం చలువయే యని జ్ఞప్తియందుంచుకొన్నచో, ఆ ఉత్తరాల విలువ తెలియును.

తరువాత ఎనిమిదేండ్లకు, 1891 ప్రాంతంలో, ఆమెకు మరొక అనుభవం కలిగినది. తాను ఇంతకాలమూ క్రైస్తవ మతాన్ని కనుగొన్నదే గాని, ఆ మతానికి ప్రాణమైన క్రీస్తును కనుగొనలేదని ఆమె తరువాత నిర్మొగమాటంగా వ్రాసినది. బాప్తిస్మమునకై కులాన్ని, పేరును, దేశీయుల గౌరవాన్ని కోల్పోయిన మనిషి, ఆనాడు నాకు దొరకవలసినది దొరకలేదని ఒప్పుకొనుట సామాన్యం కాదు. శత్రువులకు అంతకంటె మంచి ఆయుధం వేరొకటి యుండదు. మొదటినుండియు నాకంతా తెలియునని చెప్పుకొనుటకే మనుష్య స్వభావం తొందరపడును.

ఇక నిజమైన చిక్కునకు వచ్చెదము. 1889 మార్చి 11వ తేదీన ఆమె బొంబాయిలో శారదాసదనం నెలకొల్పినది. మరుసటి యేడు అది పూనాకు మారినది. వితంతువులైన ఉన్నత కులాల బాలికలకు చదువు చెప్పు ఆ సంస్థకు అమెరికాలోని మిత్రులు ధనమిచ్చినారు. అందు మతబోధ యుండదని ఆమె మాట యిచ్చినది. ఆ మాటను నమ్మియే రానడే, భాండార్కరుల వంటి పెద్దలు సలహాసంఘంలో చేరిరి, తండ్రులు బిడ్డలను పంపిరి. ఆమె ఉదయమున తన గదిలో కుమార్తెతో కూర్చుండి ప్రార్థన చేసికొనెడిది. తలుపు మూసెడిది కాదు. కొందరు బాలికలు వచ్చి కూర్చుండసాగిరి. కొంతకాలమునకు కొందరి మనస్సు క్రీస్తువైపు తిరిగినది. తిలక్ ‘కేసరి’ పత్రిక నిప్పులు చెరిగినది. 1893లో రానడే, భాండార్కరులు సంఘమునుండి తప్పుకొనిరి. పెక్కుమంది బాలికలను తీసికొనిపోయిరి.

ఆమె వాదం ఇది: నేనెవ్వరినీ పిలువలేదు, హిందూ బాలికలు తమ పూజ చేసికొనుటకు అడ్డు చెప్పలేదు, నా గది తలుపు మాత్రం మూయను. ఆమె తులసికోట చుట్టు ప్రదక్షిణం చేసినచో, గోడ కట్టుకొని చేయుమని ఎవ్వరును అనియుండరు. తలుపు మూసికొని ప్రార్థించినచో తన విశ్వాసం సిగ్గుపడవలసిన వస్తువని ప్రతిదినం ఆ పిల్లలకు బోధించినట్లే యగును. ఇదంతా నిజమే. కాని రానడే పక్షాన నిలచి చూడుడు. తలదాచుకొనుటకు వేరు నీడ లేని పదునాలుగేండ్ల వితంతువుకు, తనను అక్కున చేర్చుకొన్న ఏకైక వ్యక్తి గది తలుపు తెరచియున్నచో, అది పిలుపు కాదా? మాటతో పిలిచిన పిలుపుకన్న అది బలమైనది. రమాబాయి వంటి సూక్ష్మబుద్ధికి ఇది తెలియదనుకొనుట కష్టం.

నేను చాలకాలం రమాబాయిదే ధర్మమనుకొంటిని. ఇపుడంత నిబ్బరంగా అనలేను. ఆమె అబద్ధమాడలేదు, ఇచ్చిన మాటలోని అక్షరాన్ని తప్పలేదు. కాని ఆ మాట విన్నవారు దానికి గ్రహించిన అర్థం వేరు, ఆ సంగతి ఆమెకు ముందే తెలిసియుండవలెను. దేవునిపట్ల సత్యసంధతకూ, తోడి మనుష్యులకిచ్చిన మాటకూ నడుమ ఇరుకు ఏర్పడినపుడు, రెండవదానిని మొదటనే తిరిగి యిచ్చివేయుట మేలు: నేనీ షరతుపై నిలువలేను, మీ బిడ్డలను తీసికొనిపొండని. ఆమె చివరకు చేసినది ఇదియే. పూనాకు దూరంగా కేడ్‌గావ్‌లో ముక్తి సదనం వెలసినది. 1896-97 కరవులో వందలకొలది దిక్కులేని స్త్రీలనూ బాలికలనూ అచ్చట చేర్చుకొన్నది. అక్కడ క్రీస్తు నామం దాచవలసిన పని లేదు. నాలుగేండ్లు ముందుగా ఆ స్పష్టత వచ్చినచో ఆనాటి గాయాలు కొన్ని తప్పియుండెడివేమో.

అదే మహారాష్ట్రంలో కవి నారాయణ వామన తిలక్ 1895లో బాప్తిస్మం పొందినాడు. భార్య లక్ష్మీబాయి మడి మానక, మతం మారక, ఏండ్ల తరబడి వేదనపడి, తనకు తోచినపుడే క్రైస్తవురాలైనది. ఆమె వ్రాసిన ‘స్మృతిచిత్రే’ చదివినవారికి, ఆ యింట విశ్వాసం ఎట్లు నవ్వుచు ఏడ్చుచు పెరిగినదో తెలియును. తిలక్ 1917లో మిషను జీతాన్ని వదలుకొన్నాడు. జీతం పుచ్చుకొను నోటితో చెప్పిన సాక్ష్యం వినువారికి ఎట్లు తోచునో అతడు గ్రహించెనని నా ఊహ.

కొందరు విమర్శకులు, ముక్తి సదనంలో ఆధ్యాత్మిక ఉద్రేకం చెలరేగిన 1905 తరువాత, వాంటేజిలో ప్రశ్నించిన రమాబాయి మాయమైనదని అందురు. కలం పదును తగ్గిన మాట నిజం. కాని ప్రశ్నలు తీరిన తరువాత కూడ ప్రశ్నించుచున్నట్లు నటించుట మరొక విధమైన అసత్యమే కదా! ఆమె ప్రశ్నలు ఆరిపోలేదు, చోటు మారినవని నాకు తోచును. చివరి యేండ్లలో ఆమె హీబ్రూ, గ్రీకు నేర్చి బైబిలు నంతటినీ మరాఠీలోనికి తెచ్చుటకు కూర్చున్నది. అప్పటికే మరాఠీ బైబిలు కలదు. అందలి సంస్కృత పదాలు వేరు దర్శనాల వాసనతో నున్నవనియు, పల్లెటూరి స్త్రీకి అందవనియు ఆమె ఆక్షేపణ. బాల్యంలో పదునెనిమిది వేల భాగవత శ్లోకాలను కంఠస్థం చేసిన నోరు, ఆ సంస్కృతాన్నే వడగట్టి, కూలిపని చేయు తల్లి పలుకుబడి కొరకు వెదకినది. ప్రతి పదం దగ్గర ఆమె తనను తాను ఏమని అడుగుకొన్నదో ఊహించగలను. ఆ పని కొంచెం ఎరిగినవాడను. ఇంపైన మాట చేతికి అందుచుండును, సరియైన మాట దూరంగా నుండును. ఇంపైనది వేసిన, పట్టుకొనువా రెవ్వరును లేరు.

1921లో కుమార్తె మనోరమ మరణించినది. ప్రమాణం చేసిననాడు చంకనున్న ఆ బిడ్డ, ముక్తి సదనానికి వారసురాలు కావలసినది. వినికిడి మందగించి, ఒడలు సడలి, రమాబాయి ప్రూఫులు దిద్దుచునే యున్నది. సదనంలోని స్త్రీలే అక్షరాలు కూర్చిరి, వారే యంత్రం నడపిరి. 1922 ఏప్రిల్ 5వ తేదీన ఆమె కన్నుమూసినది. గ్రంథం సంపూర్ణంగా వెలువడినది ఆమె పోయిన తరువాత.