ఒడి యెవరిది?

'సమతూకము' అను మాట యిటీవల మన యిండ్లలో తరచుగా వినబడుచున్నది. ఉద్యోగమునకును పసిబిడ్డల పెంపకమునకును నడుమ సమతూకము సాధించుట యెట్లని పత్రికలు వ్రాయుచున్నవి, వక్తలు సెలవిచ్చుచున్నారు. మాట వినుటకు సొంపుగనే యున్నది. కాని తూకమన్నప్పుడు త్రాసును పట్టుకొను చేయి యొకటి యుండవలయును గదా! ఆ చేయి యెవరిదని విచారించినచో, దాదాపు ప్రతి యింటను అది తల్లి చేయియే. "నాయనా, నీవు మగ్గమును బిడ్డను ఎట్లు సంబాళించుకొనుచున్నావు?" అని తండ్రి నడిగినవారిని మే మింతవరకు చూడలేదు. కావున ఈ వ్యాసమున సమతూకమునకు ఉపాయములు చెప్పబోవుట లేదు. పనిచేసి బ్రతుకు నింటిలో పసిబిడ్డకు చెల్లవలసిన దేమి, దానిని చెల్లించుచున్న వారెవరు, చెల్లింతువా యని వారి నెవరైన అడిగిరా యను విషయమునే పాఠకుల యెదుట నుంచదలచితిమి.

ఈ విచారణకు మన షోలాపూరును మించిన చోటు లేదు. 1870ల దశకమున ఇచట నూలుమిల్లులు వెలయ నారంభించిన పిమ్మట తెలంగాణపు సీమలనుండి మన నేతవారు కుటుంబములతో తరలివచ్చి నగరపు పూర్వభాగమున స్థిరపడిరి. మిల్లులు ఒకటొకటిగా మూతబడినవి, మరమగ్గములు నిలిచినవి. మగవారు పన్నెండుగంటల పాళిలో మగ్గములయొద్ద నిలువగా, ఆడువారు ఇంట గూర్చుండి బీడీలు చుట్టిరి. నేటికిని వేలకొలది స్త్రీలు చుట్టుచునే యున్నారు.

ఎరుగనివారికై ఆ పని తీరు కొంచెము చెప్పవలసియున్నది. తునికాకును ముందునాడే తడిపి గుడ్డలో చుట్టి యుంచవలెను. ఆకు మెత్తబడిన తరువాత రేకు అచ్చు పెట్టి కత్తెరతో కొలతకు కత్తిరించవలెను. పిమ్మట కాళ్ళు చాచి గూర్చుండి, ఒడిలో చేట పెట్టుకొని, ఆకులో చిటికెడు పొగాకు పోసి, చుట్టి, మూతి ముడిచి, దారము కట్టవలెను. కూలి వేయి బీడీల లెక్కన. కట్టలు గట్టి కార్ఖానాకు మోసికొనిపోయినచో, అచటివారు నచ్చనివాటిని ఏరివేయుదురు. ఏరివేసినవాటికి కూలి రాదు. కాబట్టి చేయి ఆగరాదు, చూపు మరలరాదు.

వెలుపలినుండి చూచువారికి ఇది చక్కని యేర్పాటుగనే తోచును. తల్లి గడప దాటలేదు. బిడ్డ కన్నుల యెదుటనే యున్నాడు. నాలుగు రాళ్ళు చేతికి వచ్చుచున్నవి. కొందరు పెద్దలు దీనినే ఆదర్శమని పొగడుటయు వింటిమి. బిడ్డ వైపునుండి చూడుడు. వాడు ప్రాకివచ్చి ఎక్కవలసిన ఒడిలో చేట యున్నది. పిలిచినచో తల్లి పలుకును, కన్నెత్తదు. గాలి నిండ పొగాకు దుమ్ము. తల్లి దగ్గరనే యున్నది, తోడుగా లేదు. దగ్గరుండుట వేరు, తోడుండుట వేరు అను సంగతి పూర్వభాగపు పసివాండ్రు మాటలు రాకమునుపే నేర్చుకొనిరి. ఇందు తల్లి దోష మేమియు లేదు. చేట దించినచో సాయంకాలము పొయ్యిమీదికి ఎసరు లేదు.

మరి ఆ బిడ్డను పెంచిన దెవరు? ఏడెనిమిదేండ్ల అక్క. చంక నెత్తుకొని వీథివీథి త్రిప్పినది, ముక్కు తుడిచినది, జోకొట్టినది. తమ్ముడు నిదురించిన వేళ తల్లి ప్రక్కన గూర్చుండి బీడీల మూతులు ముడిచినది. బడి పట్టీలో ఆమె పేరుండెను, బడిలో ఆమె లేదు. మనలో చదువుకొని పైకివచ్చిన తమ్ముళ్ళ కథలు ఇట్టి సంచికలకు పలుమార్లు ఎక్కినవి. ఆ తమ్ముని మోసిన అక్క కథ యెక్కుట అరుదు. 'ఆ మహాతల్లి ఎట్లో నెగ్గుకొనివచ్చినది' అని మనము మెచ్చుకొనునప్పుడెల్ల, ఆ నెగ్గుబాటు ఖరీదు ఒక బాలిక బాల్యమునుండి తీయబడినదని జ్ఞాపక ముంచుకొనవలెను. ఆమె నెవరును అడుగలేదు. అడిగినను ఆమె కాదనియుండదు. ఏడేండ్ల పిల్లకు కాదనవచ్చునని తెలియదు.

మనుష్యుడు మూడు ఋణములతో పుట్టునని మన శాస్త్రములు చెప్పినవి: దేవఋణము, ఋషిఋణము, పితృఋణము. యజ్ఞముచేత, అధ్యయనముచేత, సంతానముచేత అవి తీరునందురు. గమనింపుడు, బిడ్డను కనుటచే పితరుల బాకీ తీరుచున్నది. ఆ బిడ్డకు మనము పడిన బాకీ మాత్రము ఈ పట్టికలో లేదు. పెద్దలు దానిని ప్రేమకు విడిచిరి కాబోలు. ప్రేమకు విడిచిన బాకీకి గడువుండదు, అడుగువాడుండడు. పసిబిడ్డ దావా వేయలేడు. ఏడ్చును, ఏడ్చి యేడ్చి ఊరకుండును. పైగా ఈ బాకీకి వింత గుణ మొకటి గలదు. సాహుకారు బాకీని పదేండ్లు జాగుచేసి వడ్డీతో తీర్చవచ్చును. మూడేండ్ల బిడ్డకు ఈయవలసిన సాయంకాలమును వాడు పదమూడేండ్లవా డైన తరువాత ఇచ్చెదమన్నచో, పుచ్చుకొనుటకు ఆ మూడేండ్లవాడు ఎచటను ఉండడు.

ఫ్రెంచి తాత్త్వికుడు రూసో 1762లో ప్రకటించిన 'ఎమీల్' గ్రంథమున, దారిద్ర్యముగాని పనిపాటలుగాని బిడ్డలను స్వయముగా పెంచు బాధ్యతనుండి తండ్రికి విడుదల నీయజాలవని గట్టిగా వాదించెను. ఆయనయే తన యైదుగురు బిడ్డలను పుట్టినతోడనే అనాథశిశుశరణాలయమునకు పంపియుండెను. దీనినిబట్టి ఆయనను పరిహసించుట సులభము, పరిహసించినవారు చాలమంది. మాకు మాత్రము లోపము ఆయన నడతయందే గాక వాదమందును గలదని తోచుచున్నది. బిడ్డ బాకీ నంతయు ఒక్కరి తలపై మోపి, ఇరుగు పొరుగును, యజమానిని, రాజ్యమును వదలివేసినచో, ఆ యొక్కరు మహాత్ములు కావలెను, కానిచో ఎగవేయవలెను. సామాన్యునికి నడుమ దారి మిగులదు.

2020లో మహమ్మారి వచ్చినప్పుడు, పుణెలోని కంప్యూటరు సంస్థలలో కొలువు చేయు మన మనుమరాండ్రు 'ఇంటినుండి పని' మొదలుపెట్టిరి. లోకము దానిని క్రొత్త యుగ మనెను. షోలాపూరు ముసలమ్మలకు అది పాత కథ. అమ్మమ్మ ఒడిలో చేట యుండిన చోట మనుమరాలి ఒడిలో ల్యాప్‌టాప్ చేరినది. ఆ యంత్రమునకు ఆంగ్లమున ఒడి పేరే పెట్టినవారు నిజాయితీపరులు! కూలి పెరిగినది, కూర్చుండుటకు కుర్చీ వచ్చినది, పొగాకు దుమ్ము పోయినది. ఇవి చిన్న మార్పులు కావు. అయినను, మూసిన గదిలో తల్లి పై అధికారులతో మాటాడుచుండగా వెలుపల నిలిచి తలుపు తట్టు రెండేండ్ల బిడ్డ, చేట ప్రక్కన గూర్చున్న నాటి బిడ్డకు దగ్గరి చుట్టమే.

తలుపు వెలుపలి ఆ బిడ్డ నెత్తుకొనుటకు నేడు అక్క లేదు. ఆమె స్థానమున అమ్మమ్మయో నాయనమ్మయో వచ్చి చేరినది. ఉదయపు హుతాత్మ ఎక్స్‌ప్రెసులో జొన్నరొట్టెలు, పల్లీల పొడి మూట గట్టుకొని, ఆరు నెలలకని పుణెకు బయలుదేరు ముసలమ్మను మనలో ఎరుగనివారు లేరు. నలువదేండ్లు బీడీలు చుట్టగా ఆమెకు నడుము వంగినది, దగ్గు పట్టినది. ఇకనైన ఈడువారితో అరుగుమీద గూర్చుండవచ్చు ననుకొన్నది. ఏడవ అంతస్తులోని ఫ్లాటుకు అరుగు లేదు; క్రిందికి దిగినను ఆమె మాట తెలిసినవారు లేరు. మనుమనిపై ఆమెకు ప్రేమ లేక కాదు. ప్రేమ యున్నదని తెలిసియే ఆమెను అడుగుట మానివేసితిమి. నాడు అక్క నడుగలేదు, నేడు అవ్వ నడుగలేదు.

ఇచట పరదేశపు తెలుగువారమైన మనకు సంబంధించిన విషయ మింకొకటి గలదు. బిడ్డతో గడచిన గంటలే భాషగా మారును. ముసలమ్మ యున్న ఆరు నెలలలో బిడ్డ 'బువ్వ' అనును, 'చందమామ' అనును, పోవువారిని 'ఏడికి?' అని అడుగును. ఆమె ఊరికి మరలిన తరువాత శిశుశాలలోని మరాఠీయు హిందీయు, ఫోను తెరపైని ఆంగ్లమును ఆ చోటు నాక్రమించును. ఆ భాషలపై మాకు కోపము లేదు. మరాఠీ మనకు అన్నము పెట్టిన నేల మాట. అయితే మన సంఘములు ఏటేట సభలు జరిపి తెలుగు నశించుచున్నదని తీర్మానములు చేయుచు, తెలుగు ఒడిలో పుట్టునను సంగతి మరచుట విచారకరము. ఒడికి తీరిక లేని యింట ఏ తీర్మానము భాషను నిలుపగలదు?

ఇట్లనుటచే స్త్రీలు పని మానవలెనని మేము చెప్పుచున్నట్లు ఎవరును తలపరాదు. అట్లు చెప్పు పెద్దలు కొందరు గలరు. వారిలో తల్లి బీడీకూలితో చదివినవారును గలరు. తల్లి పని బిడ్డకు శత్రువు కాదు, తరచుగా ఆ పనియే బిడ్డకు పాలు. బిడ్డ యొకడున్నాడను తలపే లేక పనిగంటలను నిర్ణయించిన యేర్పాటును గూర్చియే మా మాట.

శాసనములు కొంత దూరము నడచినవి. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సహాయపు బిల్లు చర్చకు వచ్చినప్పుడు డాక్టరు అంబేద్కరు దానిని బలపరచుచు, ప్రసవమునకు ముందును వెనుకను తల్లికి విశ్రాంతి నొసగుట జాతి మేలునకే గనుక ఆ వ్యయభారమును చాలవరకు ప్రభుత్వము మోయుట న్యాయమని వాదించెను. మరుసటి యేట చట్టమైనది. 1961 నాటి కేంద్రచట్టము పన్నెండు వారముల సెలవు నొసగెను. 2017లో తొలి యిద్దరు బిడ్డలకు అది ఇరువదియారు వారము లైనది, ఏబదిమంది పనిచేయు సంస్థలో శిశుశాల యుండవలెనను నియమమును చేరినది. ఇంట బీడీలు చుట్టు స్త్రీని గూడ 1966 నాటి చట్టము కార్మికురాలనియే గుర్తించెను. శిశుశాలను మాత్రము కార్ఖానా కప్పు క్రిందనే ఊహించెను. ఇంటిలోని చేటకు శిశుశాల యెవరు కట్టుదురు?

కేంద్రప్రభుత్వ ఉద్యోగుల నియమములు ఇంకను చోద్యము. తల్లికి బిడ్డల పెంపకమునకై కొలువుకాలము మొత్తముమీద 730 దినముల సెలవు గలదు. తండ్రికి బిడ్డ పుట్టినప్పుడు 15 దినములు. 2018 నుండి ఒంటరి తండ్రికి గూడ పెంపకపు సెలవు నొసగిరి. అనగా భార్య తోడున్న తండ్రికి పదునైదు దినములు చాలునని లెక్క! ఈ లెక్క ఢిల్లీలో పుట్టినది కాదు, మన యిండ్లనుండియే అచటికి పోయినది. మరమగ్గము ప్రక్కన పన్నెండు గంటలు నిలిచినవాని అలసటను మేము తక్కువ చేయము. అయినను పాళి దిగినవానికి అరుగున్నది, టీకొట్టున్నది. చేట దించినదానికి పొయ్యి యున్నది. పెద్దల యెదుట సొంత బిడ్డ నెత్తుకొనుట మర్యాద కాదని మన తాతలు తలచిరి. 'మమ్ములను మా తండ్రి ఎన్నడైన ఎత్తుకొనెనా, మేము చెడిపోతిమా?' అని నేటికిని కొంద రడుగుదురు. చెడిపోలేదు, నిజమే, వారిని అక్క యెత్తుకొనినది. తల్లి ఒడిలో చేట యుండిన ఆ కాలమంతయు తండ్రి ఒడిలో ఏమియు లేదు.

మహారాష్ట్రమందే ఈ చిక్కును సరిగా చూచిన మహనీయురాలు తారాబాయి మోదక్. ఆమె 1945లో బోర్డీయందు గ్రామబాలశిక్షణమునకు పూనుకొని, పిమ్మట కోస్‌బాడ్ కొండపై గిరిజనుల నడుమ పనిచేసెను. చంటిబిడ్డను మోయు అక్క బడికి రాజాలదని గ్రహించి, శిశుశాలను, బాలవాడిని, ప్రాథమికపాఠశాలను ఒక్కచోట చేర్చెను. చంకలోని బిడ్డ ఒక చోట, అక్క పలక పట్టుకొని ఆ ప్రక్కనే. బిడ్డ బడికి రాలేనిచో బడియే బిడ్డ వాకిటికి పోవలెనని ఆమె నడపిన పద్ధతికి 'అంగన్‌వాడి' యని పేరు. 1975లో దేశమున మొదలిడిన కేంద్రములకు ఆ పేరే నిలిచినది. అయితే అంగన్‌వాడి సామాన్యముగా కొన్ని గంటలే తెరచి యుండును. చేట సాయంకాలము వరకు ఒడి దిగదు.

పూర్వభాగమున మనవారి కల్యాణమండపములు కలవు. ముహూర్తములు లేని మాసములలో అవి పగలంతయు మూతబడి యుండును. విశాలమైన చల్లని నేల, నీటివసతి, వంటశాల, అన్నియు నున్నవి. ఇద్దరు ముగ్గురు స్త్రీలను కూలి యిచ్చి (అవును, కూలి యిచ్చియే; పుణ్యమునకు కాదు) నియమించినచో, ముప్పదిమంది పసివాండ్రు పగలంతయు అచట తెలుగున ఆడుకొనగలరు. అగు వ్యయము మన వార్షికోత్సవపు పందిరి వ్యయమునకు ఎంత మించునో కోశాధికారిగారు లెక్కగట్టవలెను. ఆదివారపు వంతు మాత్రము తండ్రులకు విడువవలెనని మా సూచన. మొదటి రెండు మూడు వారములు బిడ్డలు ఏడ్తురు, తండ్రులు గడియారము చూతురు.