చెరువుకు ముందరి మాట

గార్లదిన్నె మండలంలో, పెనకచెర్ల డ్యామ్ కట్ట మీద ఇద్దరి మాటలివి. ఒకరు శనక్కాయ పండించే రైతు, ఇంకొకరు తెలుగు చెప్పిన అయివారు.

రైతు: మా అత్తగారూరు బళ్ళారి దిక్కు, అయివారూ. మన చెరువును ఆళ్లు కెరె అంటారు. రెండూ ఒకటే మాటా?

అయివారు: ఒకటేనప్పా. మన చెవి వాళ్లకు కివి, మన చెడు వాళ్లకు కెడు. ఒక జత కలిస్తే కాకతాళీయం. వరసగా కలిస్తే నియమం. ఇ, ఎ ముందున్న పాత క మన నోట చ అయింది.

రైతు: చ మొదలుండి, ఆళ్లే క చేసుకున్నారేమో?

అయివారు: అడగాల్సిన మాటే. మనం చెర అనే బందిఖానాను కన్నడంలో సెరె అంటారు, చెరువునేమో కెరె. తమిళంలో రెండూ చిఱై. మొదట రెంటికీ చ ఉంటే, కన్నడం ఒకదాన్నే క ఎందుకు చేస్తుంది? తక్కినవాళ్లు పోగొట్టుకున్న తేడాను కన్నడం కాపాడుకుంది.

రైతు: సెరె తమిళం నుంచి అరువొచ్చిందయితే?

అయివారు: అప్పుడు ఆ సాక్ష్యం బలం తగ్గుతుంది, ఒప్పుకోవాల్సిందే. అయినా తమిళులే మన చెడును కెడు అంటారు. అక్కడ ట వర్గపు హల్లు పక్కనుండి క ను మారనీయలేదు.

రైతు: ఇదంతా లెక్క. ఆ పాత మాట విన్నోళ్లు ఎవరూ లేరు గదా!

అయివారు: లేరు. కానీ లెక్క తప్పయితే ఎక్కడో ఒకచోట పట్టుబడాలి. యూరప్‌లో కింగ్, కోనిగ్ వంటి మాటల్ని పోల్చి, వాటి మూలం కునింగజ్ అని పండితులు తేల్చారు. పొరుగున ఫిన్లాండువాళ్లు ఎప్పుడో అరువు తీసుకుని నేటికీ కునింగస్ అంటున్నారు! మనకూ అట్లాంటి సాక్ష్యం రాతి మీద ఉంది. గుత్తి దాటి ఎర్రగుడికి పో. క్రీ.పూ. 3వ శతాబ్దపు అశోకుడి శాసనాల్లో కేరళపుత్రుల పేరు క తో మొదలవుతుంది. తమిళ సంగం కవులకు ఆ వంశమే చేరర్.

రైతు: అయితే చెరువుకు పాత మాట కెరె అనే రాసుకుందామా?

అయివారు: తొందరపడొద్దు. తమిళంలో ఇ, కన్నడంలో ఎ. తర్వాతి అక్షరంలో అ ఉన్నచోట దక్షిణాది భాషల్లో ఆ రెండచ్చులూ కలిసిపోయాయని భద్రిరాజు కృష్ణమూర్తి 1958లో చూపారు. కలిసిపోయినవాటిని ఈ మాటలతోనే విడదీయలేం. ముందు నక్షత్రం గుర్తు పెడతాను, ఎవరూ వినలేదని. తర్వాత క. చివర బండి ఱ, పాత తెలుగు, కన్నడ, తమిళాలు మూడూ దానికి సాక్ష్యమే. మధ్యన ఇ, ఎ రెండూ రాసి ఆపుతాను.