ఘాట్ రోడ్డు, సైకిలు, కప్పు కాఫీ

సైకిలు మీద తీరిగ్గా కొంత దూరం వెళ్లి, చెట్ల నీడనో ఏటి ఒడ్డునో ఆగి, వెంట తెచ్చుకున్న చిన్న పొయ్యి మీద నీళ్లు మరిగించి కాఫీ చేసుకొని తాగడం పైకి అక్కరలేని శ్రమగా కనిపిస్తుంది. ఎందుకంటే ఆ కాఫీ ఇంట్లోనే దొరుకుతుంది, ఆ దూరం మోటారు వాహనం మీద అంతకంటే సులువుగా గడుస్తుంది. అయితే ఈ ఆచరణకు విలువ తెచ్చేది ఆ అక్కరలేని శ్రమే; దాన్ని తీసివేస్తే మిగిలేది మరొక కప్పు కాఫీ మాత్రమే.

అమెరికాలోని మోంటానా విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం బోధించిన ఆల్బర్ట్ బోర్గ్‌మన్ 1984లో వెలువరించిన గ్రంథంలో పరికరానికీ వస్తువుకూ మధ్య చూపిన భేదం ఇక్కడ ఉపకరిస్తుంది. ఆయన దృష్టిలో పరికరమంటే ఫలితాన్ని చేతికందించి, దాని వెనుకనున్న యంత్రాంగాన్ని కంటికి కనబడకుండా దాచేది. ఇల్లంతటికీ వేడినిచ్చే ఆధునిక యంత్రం అటువంటిది. వస్తువంటే, కట్టెలు తేవడం, నిప్పు రాజేయడం, చుట్టూ ఇంటివారు చేరడం అనే పనులన్నింటినీ తనతో ముడివేసుకున్న పాతకాలపు పొయ్యి వంటిది. అటువంటి వస్తువు మీద మనిషి తన ధ్యాసనూ నేర్పునూ పదే పదే నిలపడమే ఆయన చెప్పిన కేంద్రీయ ఆచరణ. ఇత్తడి ఫిల్టరులో రాత్రి వేసిన డికాక్షన్ చుక్కచుక్కగా దిగే తెలుగు ఇళ్లకు ఈ భేదాన్ని విడమరిచి చెప్పనక్కరలేదు.

శృంగవరపుకోట దాటి అనంతగిరి కొండల మీదుగా అరకు వైపు ఎక్కే ఘాట్ రోడ్డు ఈ ఆలోచనను పరీక్షించడానికి తగిన చోటు. కారులో కూర్చున్నవారికి మలుపులు తెలుస్తాయి గాని వాలు తెలియదు. సైకిలు తొక్కేవారికి ప్రతి మలుపు దగ్గరా వాలు పిక్కల్లో తెలుస్తుంది, లీటరు నీళ్లంటే కిలో బరువని తెలుస్తుంది, అందువల్ల ఏది తెచ్చుకోవాలో ఏది మానుకోవాలో ముందే తేల్చుకోవలసి వస్తుంది. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్ల నుంచి అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు కనిపిస్తాయి. వేసవి తొలి వానలు పడిన కొద్ది రోజులకు ఆ మొక్కలు తెల్లగా విరబూస్తే, మల్లెను పోలిన ఆ వాసన నెమ్మదిగా వెళ్లేవారికి తోట కనబడకముందే అందుతుంది.

సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తునున్న అరకు లోయలో, గాలి పీడనం తక్కువ కావడం వల్ల, నీరు దాదాపు 97 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది. కాఫీకి 92 నుంచి 96 డిగ్రీల నీరు అనువైనదని చెబుతారు గనుక అక్కడ నీటిని ఎక్కువసేపు చల్లారనివ్వనక్కరలేదు. అప్పటికప్పుడు చేతి మరలో విసిరిన పొడి మీద మొదట అది తడిసేటంత నీరే పోస్తే, వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ బయటపడి, పొడి బుడగలతో పైకి ఉబ్బి, అర నిమిషంలో నడుమ పగిలి కుంగుతుంది. గింజ పాతబడి ఉంటే ఏమీ జరగదు, పొడి తడి మట్టిలా పడి ఉంటుంది. ఇంట్లో హడావిడిలో ఎవరి కంటా పడని ఈ మార్పు, ఎక్కుడు ముగించి ఊపిరి కుదుటపడుతున్న మనిషి ముందు తీరిగ్గా జరుగుతుంది.

ఈ తీరిక ఒంటరిగా పుట్టినది కాదన్న సంగతి కూడా అక్కడే తెలుస్తుంది. సుమారు ఆరు కిలోల పండు నుంచి ఒక కిలో పచ్చి గింజ వస్తుంది, వేయించేటప్పుడు అందులోనూ కొంత తరుగు పోతుంది. ఆ లెక్కన 15 గ్రాముల పొడితో చేసిన ఒక్క కప్పు కోసం దాదాపు 100 గ్రాముల పండ్లను ఒక్కొక్కటిగా చేత్తో కోయవలసి ఉంటుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికాను పండించేది ప్రధానంగా ఆదివాసీ రైతులే. వారు వాలు మీద బరువుతో ఎక్కి దిగడం బతుకుతెరువు, సైకిలుదారు ఎక్కడం ఇష్టం. ఈ రెండు శ్రమలూ ఒకటేనని అనుకోవడం అన్యాయమవుతుంది. అయినా పరికరం దాచిపెట్టిన యంత్రాంగంలో యంత్రాలే కాక మనుషులూ ఉంటారని, బోర్గ్‌మన్ భేదాన్ని అంతదాకా చాచవలసి ఉంటుందని, ఆ తోటల పక్కన ఆగినవారికి తోచక మానదు.

నిప్పు విషయంలో జాగ్రత్త కూడా ఈ ఎరుక నుంచే వస్తుంది. ఎండాకాలంలో సిల్వర్ ఓక్ ఆకులు నేలంతా ఎండి పరచుకొని ఉంటాయి. గాలికి ఎగిరిన ఒక్క రవ్వ ఎవరిదో ఏళ్ల కష్టాన్ని కాల్చివేయగలదు. ఆ నెలల్లో పొయ్యి మానుకొని, కింద ఊరిలోనే కాచిన నీళ్లను ఫ్లాస్కులో పోసి తెచ్చుకోవడమే ఉచితం. నీళ్లు కళ్లముందు మరగడమనే ఘట్టం అప్పుడు పోతుంది, రుచి కూడా కొంత తగ్గుతుంది. కాని ఎక్కుడు అలాగే ఉంటుంది, గింజను విసరడం అలాగే ఉంటుంది, నిండు ఫ్లాస్కు బరువును పైదాకా మోయడం అదనంగా చేరుతుంది.