ఎన్ని దినములు? ఎట్టి దినములు?



ఇంటి పెద్దకు వచ్చిన కేన్సరు మెదడునకు పాకినదని వైద్యుడు చెప్పినప్పుడు కుటుంబమువారు అడుగు మొదటి ప్రశ్న ఒకటే: "ఇంకను చేయదగినది ఏదైన కలదా?" కలదని విన్నచో, దానిని చేయించకుండుట పాపమని తలంచుదుము. ఈ తలంపు ప్రేమవలన పుట్టినదే. అయినను ప్రేమ కొన్నిసార్లు త్వరపడును.

మెదడంతటికిని రేడియేషను కిరణములు పెట్టుట చాల కాలముగా వాడుకలోనున్న చికిత్స. మనవారు దీనిని "కరెంటు పెట్టించుట" అందురు. ఆ కిరణములు కేన్సరు కణములను దెబ్బతీయును. అయితే చుట్టునున్న మంచి భాగమును కూడ అవి తాకును. అందుచేత జుట్టు రాలును, అలసటయు నిద్రమత్తును కలుగును. కొన్ని నెలలు బ్రదికినవారిలో జ్ఞాపకశక్తి సన్నగిల్లుటయు కలదు.

ఊపిరితిత్తుల కేన్సరు మెదడునకు పాకి, శస్త్రచికిత్సకు వీలుకాని 538 మందిని బ్రిటను, ఆస్ట్రేలియా దేశముల వైద్యులు 2007 మొదలు 2014 వరకు పరిశీలించిరి. అందరికిని మెదడు వాపును తగ్గించు డెక్సామెథసోను మందును, తగిన పరిచర్యను ఇచ్చిరి. వారిలో సగముమందికి మాత్రము వీటితోపాటు 5 విడతలుగా రేడియేషను పెట్టిరి. 2016లో ప్రకటించిన ఫలితము ఇది: నడిమి లెక్కకు రేడియేషను పొందినవారు 9.2 వారములు, పొందనివారు 8.5 వారములు బ్రదికిరి. దినములు గడచిన తీరులోను చెప్పుకొనదగినంత భేదము కనబడలేదు.

దీనినిబట్టి రేడియేషను వ్యర్థమని ఎవరును అనుకొనరాదు. వయస్సులో చిన్నవారికి కొంత మేలుండవచ్చునని ఆ పరిశీలనయే సూచించినది. గడ్డలు కొద్దిగా ఉన్నచో వాటిమీదనే గురిపెట్టి కిరణములను పంపు పద్ధతి కలదు. స్వీడను వైద్యుడు లార్స్ లెక్సెల్ 1951లో దీనిని ఊహించెను. మెదడంతటికిని పెట్టవలసి వచ్చినప్పుడు సహితము, జ్ఞాపకమునకు ముఖ్యమైన భాగమును తప్పించి పెట్టు ఉపాయము నేడు కలదు. ఏ రోగికి ఏది తగునో వైద్యుడే చెప్పవలెను.

అయితే వైద్యుడు చెప్పజాలనిది ఒకటి కలదు. ఆ మిగిలిన దినములు దేనికొరకు? ఒక తల్లి మనుమని ముఖము చూచువరకు ఎంత బాధనైనను ఓర్చుకొందుననవచ్చును. మరియొక తల్లి ఆసుపత్రి ప్రయాణములు చాలునని, తన మంచముమీద, తనవారి నడుమ ఉందుననవచ్చును. ఇద్దరిలో ఎవరిది తప్పు? ఎవరిదియు కాదు. తప్పు ఎక్కడనగా, వారిని అడుగకయే మనము నిర్ణయించుటలో ఉన్నది.

యెరికో త్రోవప్రక్కను కూర్చుండిన బర్తిమయి గ్రుడ్డివాడని అందరికిని తెలియును. అతనికి ఏమి కావలెనో వేరుగా అడుగనక్కరలేదు గదా! అయినను ప్రభువు అతనిని పిలిపించి, నీకేమి కావలెనని అడిగెను. రోగి నోటిమాటకు ఆయన ఇచ్చిన గౌరవము అట్టిది. మనమైతే రోగికి వ్యాధి పేరైనను చెప్పక, తలుపు వెలుపల నిలిచి గుసగుసలాడుదుము.

ఇతర వ్యాధులలో రేపు అడుగవచ్చును. ఈ వ్యాధి మెదడులోనిది. రేపు వారికి మాట తడబడవచ్చును, మనలను గురుతుపట్టకపోవచ్చును. కాబట్టి తెలివి నిలకడగానున్న నేడే వారి చెంత కూర్చుండి, వారు విన గోరినంతవరకు నిజము చెప్పి, వారి కోరిక తెలిసికొనవలెను.

వారు చికిత్స వద్దన్నచో, వారిని విడిచిపెట్టితిమని కుమిలిపోనక్కరలేదు. రేడియేషను లేకపోయినను మందు కలదు, నొప్పికి ఉపశమనము కలదు, చేయిపట్టుకొను చేయి కలదు. చికిత్స మానుట వేరు, మనిషిని విడుచుట వేరు. మొదటిది కొన్నిసార్లు జ్ఞానము. రెండవది ఎన్నడును తగదు.